ఫోన్‌లో ‘శని’ అని నొక్కితే టెలిస్కోప్ దానంతటదే తిరుగుతుంది.. ఇదెలా సాధ్యం? ఎక్కడ తేడా కొడుతుంది?

ఫోన్ స్క్రీన్ మీద ‘శని’ అని నొక్కితే చాలు.. టెలిస్కోప్ మెల్లగా తిరిగి శని వైపు చూస్తుంది. మధ్యలో వైరు లేదు. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఒకప్పుడు పెద్ద పెద్ద అబ్జర్వేటరీల్లో మాత్రమే చూసిన ఈ పద్ధతి ఇప్పుడు ఇంటి డాబా మీదకు వచ్చేసింది. మరి ఇది ఎలా పనిచేస్తుంది? తొలి రోజే ఎందుకు మొరాయిస్తుంది? డబ్బు పెట్టే ముందు ఏం తెలుసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

శని ఎదురుగా ఉంది.. ఫోన్ మాత్రం లేదంటోంది!

ముందు నా అనుభవమే చెప్తా. ఏడాది పాటు జీతంలో కొంత కొంత దాచుకుని, వైఫై ఉన్న ఒక చిన్న టెలిస్కోప్ కొన్నాను. డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద దాన్ని పెట్టగానే సంగతి అన్ని ఫ్లాట్లకూ పాకిపోయింది. పిల్లలు లైన్ కట్టారు. వాచ్‌మన్ కూతురు అందరికంటే ముందు నిలబడింది. మూడో అంతస్తు తాతగారైతే కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నారు.

ఏడున్నర అయింది. నైరుతి వైపు బాగా ఎత్తులో శని కంటికే కనిపిస్తోంది. పిల్లలకు వేలు పెట్టి చూపించా. యాప్‌లో శని పేరు నొక్కా. టెలిస్కోప్ కదల్లేదు. ‘ఈ గ్రహం ప్రస్తుతం హొరైజన్ కింద ఉంది’ అని మెసేజ్ వచ్చింది. అంటే అస్తమించిందని! మళ్లీ నొక్కా. మళ్లీ అదే.

“అక్కా, శని అదుగో అని నువ్వే చూపించావు కదా.. మరి ఫోన్ లేదంటోందేంటి?” అని వాచ్‌మన్ కూతురు అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

వైఫై ఆపి మళ్లీ పెట్టా. ఫోన్ రీస్టార్ట్ చేశా. పవర్ కేబుల్ పీకి మళ్లీ గుచ్చా. అరగంట గడిచింది. చలికి పిల్లలు ఒక్కొక్కరే కిందకు దిగిపోయారు. ఆ తర్వాత తేలిందేంటంటే.. తప్పు వైఫైది కాదు, టెలిస్కోప్‌దీ కాదు. యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లొకేషన్ పర్మిషన్ అడిగితే అలవాటుగా ‘వద్దు’ అని నొక్కేశా. దాంతో యాప్ తనలో ముందే సెట్ చేసి ఉన్న కాలిఫోర్నియా ఊరే మా ఊరనుకుంది. అక్కడ అప్పుడు ఉదయం ఆరు గంటలు. అక్కడి ఆకాశంలో శని నిజంగానే లేదు. అంటే ఫోన్ అబద్ధం చెప్పలేదు. దానికి నిజం చెప్పాల్సింది నేనే, చెప్పలేదు.

వైర్‌లెస్ టెలిస్కోప్ విషయంలో అర్థం చేసుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. టెలిస్కోప్‌కు ఆకాశం కనిపించదు. మనం ఇచ్చిన సమాచారంతో లెక్క వేసుకుని ఆ దిక్కుకు తిరుగుతుంది, అంతే.

‘ఫోన్‌తో నడిచే టెలిస్కోప్’ అంటే మూడు రకాలు

ప్రకటనల్లో అన్నింటికీ ‘స్మార్ట్‌ఫోన్ టెలిస్కోప్’ అనే పేరే కనిపిస్తుంది. కానీ ఫోన్ చేసే పని మూడింటిలోనూ వేర్వేరు.

మొదటి రకంలో ఫోన్ రిమోట్‌లా పనిచేస్తుంది. టెలిస్కోప్ కింద ఉండే మౌంట్‌లో రెండు మోటార్లు ఉంటాయి. ఒకటి పక్కకు, ఇంకొకటి పైకీ కిందకీ తిప్పుతుంది. ఫోన్ నుంచి ఆదేశం వెళ్తుంది, మోటార్లు తిప్పుతాయి, మనం ఐపీస్‌లో కన్ను పెట్టి చూస్తాం. సెలెస్ట్రాన్ కంపెనీ 2014లో తెచ్చిన నెక్స్‌స్టార్ ఎవల్యూషన్‌లో వైఫై మౌంట్‌లోనే ఇచ్చారు. స్కై-వాచర్ ఏజడ్-జీటీఐ మౌంట్ కూడా ఇలాంటిదే. వైఫై లేని పాత కంప్యూటరైజ్డ్ మౌంట్లలో చాలావాటికి చిన్న వైఫై అడాప్టర్ విడిగా దొరుకుతుంది.

రెండో రకంలో ఫోన్ దారి మాత్రమే చూపిస్తుంది. ఇందులో మోటార్లే ఉండవు. ఫోన్‌ను టెలిస్కోప్‌కు బిగిస్తే, దాని కెమెరా ఆకాశాన్ని ఫొటో తీసి, చుక్కల అమరికను తనలోని మ్యాప్‌తో పోల్చి, ఇప్పుడు ఎటు చూస్తున్నామో కనిపెడుతుంది. తర్వాత స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది. ఆ బాణం చెప్పినట్టు మనమే చేత్తో తిప్పాలి. సెలెస్ట్రాన్ స్టార్‌సెన్స్ ఎక్స్‌ప్లోరర్ ఈ రకమే. ‘యాప్‌తో పనిచేస్తుంది’ అని చదివి, దానంతటదే తిరుగుతుందనుకుని కొంటే నిరాశ తప్పదు. అలాగని తీసిపారేయాల్సింది కాదు. మోటార్లు లేవు కాబట్టి ఖర్చు, బరువు, కరెంటు గొడవ అన్నీ తక్కువే.

మూడో రకంలో ఫోనే కన్ను. వీటికి ఐపీస్ ఉండదు. లోపల కెమెరా ఉంటుంది. 2023లో వచ్చిన జడ్‌డబ్ల్యూఓ సీస్టార్ ఎస్50 దీనికి మంచి ఉదాహరణ. లెన్స్ వెడల్పు 50 మిల్లీమీటర్లు మాత్రమే. అయినా ఒక్కోటి 10 సెకన్ల చొప్పున ఫొటోలు తీస్తూ, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది. నిమిషాలు గడిచేకొద్దీ ఫోన్ స్క్రీన్ మీద నెబ్యులా రంగు తేలుతుంది. పక్కింటి వాళ్లు, పెద్దవాళ్లు, పిల్లలు అందరూ ఒకేసారి చూడొచ్చు. కాకపోతే మనం చూసేది ఫొటోనే. శని వెలుగు నేరుగా కంటిలో పడినప్పుడు వచ్చే ఆ అనుభూతి ఇందులో ఉండదు. పైగా ఇంత చిన్న లెన్స్‌లో గ్రహాలు చాలా చిన్నగా కనిపిస్తాయి.

ఏది మంచిదంటే.. ఎవరి కోసం కొంటున్నారన్న దాన్ని బట్టి. ‘నా కంటితో చూడాలి’ అనుకుంటే మొదటిది లేదా రెండోది. ‘ఫొటోలు కావాలి, అందరికీ చూపించాలి’ అనుకుంటే మూడోది.

నొక్కిన క్షణం నుంచి ఏం జరుగుతుంది?

భూమి మీద ఊళ్లకు అక్షాంశం, రేఖాంశం ఉన్నట్టే ఆకాశంలో ప్రతి చుక్కకూ ఒక చిరునామా ఉంటుంది. దాన్ని విషువాంశ, క్రాంతి అనే రెండు అంకెల్లో చెప్తారు. నక్షత్రాల విషయంలో ఈ చిరునామా ఏళ్ల తరబడి దాదాపుగా మారదు. గ్రహాలది రోజూ కొద్దిగా మారుతుంది. యాప్ దాన్ని లెక్కగట్టుకుంటుంది.

కానీ టెలిస్కోప్‌కు ఈ చిరునామా నేరుగా పనికిరాదు. దానికి కావాల్సింది ‘ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు, నేల నుంచి ఎన్ని డిగ్రీలు పైకి’ అన్న సమాచారం. ఒకే చుక్క ఒకే సమయంలో తిరుపతిలో ఒక ఎత్తులో, విశాఖలో ఇంకో ఎత్తులో ఉంటుంది. అందుకే చిరునామాను దిక్కు, ఎత్తులుగా మార్చాలంటే యాప్‌కు రెండు విషయాలు తెలిసి తీరాలి.. మీరు ఎక్కడ ఉన్నారు, ఇప్పుడు టైం ఎంత.

లెక్క పూర్తయ్యాక ఆదేశం వైఫై మీదుగా మౌంట్‌కు వెళ్తుంది. సారాంశంలో అది చాలా చిన్న సందేశం. ‘ఇదీ గమ్యం, కదులు’ అనో ‘ఆగు’ అనో చెప్తుంది. 1992లో మీడ్ కంపెనీ ఎల్ఎక్స్200 టెలిస్కోప్‌తో వాడుకలోకి వచ్చిన ఇలాంటి ఆదేశాల భాషను ఇప్పటికీ ఎన్నో మౌంట్లు, యాప్‌లు అర్థం చేసుకుంటాయి. అప్పట్లో ఈ మాటలు వైరు మీదుగా వెళ్లేవి. ఇప్పుడు గాలిలో వెళ్తున్నాయి. తేడా అంతే.

గమ్యం చేరాక కూడా మోటార్లు ఆగిపోవు. భూమి తిరుగుతోంది కాబట్టి ఆకాశం గంటకు దాదాపు 15 డిగ్రీల చొప్పున జరిగిపోతూ ఉంటుంది. నిమిషానికి పావు డిగ్రీ. నిండు చందమామ వెడల్పు అర డిగ్రీ. అంటే నిమిషంలో చుక్క సగం చందమామ అంత దూరం జరుగుతుంది. 100 రెట్లు పెద్దది చేసి చూసే ఐపీస్‌లో కనిపించే మొత్తం ఆకాశమే సుమారు అర డిగ్రీ. మోటారు లేకపోతే మధ్యలో పెట్టిన శని ఒక్క నిమిషంలో అంచుకు వెళ్లిపోతుంది. లైన్‌లో పది మంది పిల్లలు ఉంటే ప్రతి ఒక్కరికీ మళ్లీ వెతికి పెట్టాలన్నమాట. మోటార్లు ఆకాశంతో పాటే తిప్పుతూ ఉంటాయి కాబట్టి ఆ బాధ తప్పుతుంది.

ఇంటర్నెట్ లేని వైఫై.. ఇక్కడే మొదటి తకరారు

వైఫై అనగానే ఇంట్లో రౌటర్ గుర్తొస్తుంది. టెలిస్కోప్‌కు దానితో పని లేదు. మౌంట్‌లోని చిప్ తనే ఒక చిన్న వైఫై నెట్‌వర్క్ తయారు చేస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ పేరు ఎంచుకోవాలి. ఊరి బయట, సిగ్నల్ లేని పొలం గట్టు మీద కూడా ఇది పనిచేస్తుంది.

అయితే ఫోన్ తెలివితేటలే ఇక్కడ అడ్డం పడతాయి. ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు’ అని గమనించి, మనకు చెప్పీ చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. యాప్‌లో కనెక్షన్ తెగిపోతుంది. మనం టెలిస్కోప్ పాడైందనుకుంటాం. దీనికి మందు సులువు. ‘ఇంటర్నెట్ లేకపోయినా కనెక్ట్ అయి ఉండాలా?’ అని ఫోన్ అడిగితే ‘అవును’ అనాలి. లేదంటే ఆ కాసేపు మొబైల్ డేటా ఆపేయాలి. ఇంకా సులభంగా కావాలంటే ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటి ఆన్ చేస్తే సరి. మధ్యలో కాల్స్ కూడా రావు.

ఐఫోన్‌లో అయితే యాప్‌కు ‘లోకల్ నెట్‌వర్క్’ పర్మిషన్ ఇవ్వాలి. అది ఇవ్వకపోతే వైఫై కలిసినట్టే కనిపిస్తుంది కానీ యాప్ టెలిస్కోప్‌ను కనుక్కోలేదు. ఆండ్రాయిడ్ అయినా, ఐఫోన్ అయినా లొకేషన్ పర్మిషన్ తప్పనిసరి. ఎందుకో నా కథ చెప్పేసింది కదా.

ఇంకో సంగతి. కొన్ని మౌంట్లలో లెక్కలన్నీ చేసేది ఫోనే. ఫోన్ స్క్రీన్ ఆఫ్ అయి యాప్ నిద్రపోతే టెలిస్కోప్ చుక్కను వెంబడించడం ఆగిపోవచ్చు. కాబట్టి స్క్రీన్ ఆఫ్ అయ్యే టైంను పెంచి పెట్టుకోండి.

అరగంట తప్పయితే 15 చందమామల దూరం!

ఫోన్ వల్ల వచ్చే అసలు లాభం వైరు లేకపోవడం కాదు. టైం, తేదీ, ఊరు చేత్తో కొట్టే పని తప్పడం.

పాత కంప్యూటరైజ్డ్ టెలిస్కోపుల్లో వీటన్నింటినీ చిన్న రిమోట్‌లో మనమే టైప్ చేయాలి. ఇక్కడ మన దేశం వాళ్లకు రెండు గండాలు ఉండేవి. ఒకటి టైం జోన్. మనది గ్రీన్‌విచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. పొరపాటున ఐదు అని పెడితే అరగంట తేడా. గంటకు 15 డిగ్రీల లెక్కన అది ఏడున్నర డిగ్రీలు. అంటే పక్కపక్కన పేర్చిన 15 నిండు చందమామల దూరం. అమెరికా వాళ్లు వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు. ఆ ఆప్షన్ ఆన్‌లో ఉండిపోతే 15 డిగ్రీల తప్పు.

రెండోది తేదీ. అమెరికా పద్ధతిలో ముందు నెల, తర్వాత రోజు. ఆగస్టు 5 అనుకుని 05/08 అని కొడితే టెలిస్కోప్ దాన్ని మే 8 అనుకుంటుంది. ఒకే టైంకి చూస్తే చుక్కలు రోజుకు దాదాపు ఒక డిగ్రీ జరుగుతాయి. మూడు నెలల తేడా అంటే సుమారు 90 డిగ్రీలు. నడినెత్తిన వెతకాల్సింది తూర్పున వెతుకుతుంది.

ఊరు కూడా ముఖ్యమే. కాకినాడలో, హైదరాబాద్‌లో గడియారం ఒకటే. కానీ కాకినాడ తూర్పున ఉంది కాబట్టి చుక్కలు అక్కడ దాదాపు 15 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాయి. ఫోన్‌కు జీపీఎస్ ఉంది కాబట్టి ఈ మూడూ అదే చూసుకుంటుంది. మనం చేయాల్సిందల్లా పర్మిషన్ ఇవ్వడం. ఇచ్చాక యాప్ సెట్టింగ్స్‌లో ఊరి పేరు సరిగ్గా ఉందో లేదో ఒక్కసారి చూసుకోవడం.

ఫోన్‌కు తెలియని రెండు విషయాలు

మరి ఊరు, టైం తెలిస్తే పని అయిపోయినట్టేనా? కాదు. స్టాండు చదునుగా ఉందా లేదా, టెలిస్కోప్ ముఖం ఇప్పుడు ఎటు ఉంది.. ఈ రెండూ ఫోన్‌కు తెలియవు. దిక్సూచి ఉన్నా స్టాండు ఇనుము, మోటార్ల అయస్కాంతాల దగ్గర అది తడబడుతుంది. అందుకే ప్రతి రాత్రీ మొదట్లో ‘అలైన్‌మెంట్’ చేయాలి.

పద్ధతి ఇదీ. యాప్ ఒక చుక్క పేరు అడుగుతుంది. మీరు ఫోన్‌లోని బాణం గుర్తులతో టెలిస్కోప్‌ను ఆ చుక్క మీదకు తెచ్చి, సరిగ్గా ఐపీస్ మధ్యలో నిలిపి ‘ఓకే’ నొక్కాలి. తర్వాత ఇంకో చుక్క. రెండు ఎందుకంటే.. గోడకు ఫొటో ఫ్రేమ్‌ను ఒక్క మేకుతో తగిలిస్తే అది దాని చుట్టూ ఊగుతూనే ఉంటుంది. రెండో మేకు కొడితే కదలదు. ఆకాశం మ్యాప్‌ను టెలిస్కోప్ బుర్రలో బిగించడానికి ఈ రెండు చుక్కలే రెండు మేకులు. మేకులు ఎంత దూరంగా ఉంటే ఫ్రేమ్ అంత గట్టిగా నిలుస్తుంది. అలాగే చుక్కలు కూడా ఒకదానికొకటి దూరంగా, వేర్వేరు దిక్కుల్లో ఉండాలి. నేలకు మరీ దగ్గరగా ఉన్నవి, సరిగ్గా నడినెత్తిన ఉన్నవి వద్దు.

ఉత్తరం వైపు తిప్పమంటే ధ్రువ నక్షత్రం కోసం చూస్తాం. కానీ మన దగ్గర అది చాలా కింద ఉంటుంది. ధ్రువ నక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశానికి దాదాపు సమానం. హైదరాబాద్, విశాఖల్లో 17 డిగ్రీలకు కాస్త ఎక్కువ. తిరుపతిలో 14 డిగ్రీలు కూడా ఉండదు. చేయి చాచి పిడికిలి పెడితే అది సుమారు 10 డిగ్రీలు. అంటే రెండు పిడికిళ్ల ఎత్తు కూడా లేదు. ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ ఉంటే కనిపించదు. కంగారు పడక్కర్లేదు. సుమారుగా ఉత్తరం వైపు పెట్టి, మిగతాది రెండు చుక్కలతో సరిచేసుకోవచ్చు.

యాప్ అడిగే పేర్లు.. మనకు తెలిసిన పేర్లే!

యాప్‌లో ఆల్డెబరాన్, ఆర్క్‌టరస్ లాంటి పేర్లు చూసి బెదరక్కర్లేదు. వీటిలో చాలావరకు పంచాంగంలోని 27 నక్షత్రాల్లోవే. సాయంత్రం పూట కనిపించే నెలలతో సహా ఇవి గుర్తుపెట్టుకోండి.

- ఆల్డెబరాన్ అంటే రోహిణి. డిసెంబరు నుంచి మార్చి వరకు. కాస్త ఎర్రగా, కృత్తికల గుంపు పక్కన ఉంటుంది.
- బెటెల్‌గ్యూస్ అంటే ఆర్ద్ర. జనవరి నుంచి ఏప్రిల్ వరకు.
- సిరియస్ అంటే మృగవ్యాధుడు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు. రాత్రి ఆకాశంలో అన్ని నక్షత్రాల కంటే ఎక్కువ మెరిసేది ఇదే.
- రెగ్యులస్ అంటే మఖ. మార్చి నుంచి జూన్ వరకు.
- స్పైకా అంటే చిత్త. ఆర్క్‌టరస్ అంటే స్వాతి. రెండూ ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు వరకు.
- అంటారెస్ అంటే జ్యేష్ఠ. జూన్ నుంచి సెప్టెంబరు వరకు. ఎర్రగా ఉంటుంది.
- వేగా అంటే అభిజిత్. ఆల్టెయిర్ అంటే శ్రవణం. జులై నుంచి నవంబరు వరకు.

ఒక జాగ్రత్త. యాప్ నక్షత్రం అడిగితే గ్రహం మీద పెట్టకూడదు. గురుడు, శుక్రుడు నక్షత్రాల కంటే ఎక్కువగా మెరుస్తూ మోసం చేస్తారు. నక్షత్రం మినుకు మినుకుమంటుంది. గ్రహం నిలకడగా వెలుగుతుంది.

ఇంకో చిట్కా. మోటారు పళ్ల చక్రాల మధ్య కొంచెం సందు ఉంటుంది. అందువల్ల బాణం నొక్కిన వెంటనే కదలకుండా ఒక్క క్షణం ఆగినట్టు అనిపిస్తుంది. చుక్కను మధ్యలోకి తెచ్చేటప్పుడు చివరి కదలిక ప్రతిసారీ ఒకే వైపు నుంచి ఉండేలా చూసుకుంటే గురి బాగా కుదురుతుంది.

2 వేల కిలోమీటర్ల దూరం నుంచి..

ఇదే పనిని పెద్ద ఎత్తున చేస్తున్న చోటు మన దేశంలోనే ఉంది. లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్ర మట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. దాని అద్దం వెడల్పు 2 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ తక్కువ, చలికాలంలో గడ్డకట్టే చలి. శాస్త్రవేత్తలు రాత్రంతా అక్కడ కూర్చోనక్కర్లేదు. బెంగళూరు దగ్గర హోస్కోటేలోని కేంద్రం నుంచి శాటిలైట్ లింక్ ద్వారా దాన్ని నడుపుతారు. మధ్యలో దూరం 2 వేల కిలోమీటర్లకు పైనే.

దీన్ని నిర్వహించేది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్. ఆ సంస్థకు తొలి రోజుల్లో సారథ్యం వహించిన వైను బప్పు పెరిగింది, చదివింది హైదరాబాద్‌లోనే. ఆయన తండ్రి పనిచేసింది ఇక్కడి నిజామియా అబ్జర్వేటరీలో.

హాన్లేలో అయినా, మన డాబా మీద అయినా సూత్రం ఒక్కటే. ఎక్కడున్నాం, టైం ఎంత, ఎటు చూస్తున్నాం, ఎటు వెళ్లాలి. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే ఆదేశం రెండు మీటర్ల దూరం వెళ్లినా, రెండు వేల కిలోమీటర్లు వెళ్లినా గురి తప్పదు.

పగటిపూట చాలా జాగ్రత్త!

వైర్‌లెస్ టెలిస్కోప్‌తో నిజమైన ప్రమాదం ఒకటుంది. అది సూర్యుడు. ఫిల్టర్ లేని టెలిస్కోప్‌లో సూర్యుడిని ఒక్క క్షణం చూసినా కంటిచూపు శాశ్వతంగా పోవచ్చు. చేత్తో తిప్పేటప్పుడు మనం ఎటు తిప్పుతున్నామో చూసుకుంటాం. ఫోన్‌లో నొక్కితే మాత్రం టెలిస్కోప్ తన దారిన తను వెళ్తుంది. పగటిపూట చంద్రుడి నుంచి శుక్రుడి వైపు తిరిగే దారిలో సూర్యుడి మీదుగా పోయినా పోవచ్చు.

అందుకే సూర్యుడు ఆకాశంలో ఉండగా పిల్లల చేతికి ఫోన్ ఇవ్వొద్దు. సూర్యుడిని చూడాలంటే అందుకోసమే తయారైన ఫిల్టర్‌ను టెలిస్కోప్ ముందు భాగానికి గట్టిగా బిగించాలి. ఐపీస్ దగ్గర పెట్టే చిన్న ఫిల్టర్లు వేడికి పగిలిపోయే ప్రమాదం ఉంది, వాటిని నమ్మొద్దు. పక్కన ఉండే చిన్న ఫైండర్‌కు కూడా మూత పెట్టాలి. ఎక్స్‌రే ఫిల్మ్, కూలింగ్ గ్లాసెస్ లాంటివి అసలే వద్దు.

కొనే ముందు ఈ ప్రశ్నలు అడగండి

- మోటార్లు ఉన్నాయా, లేక ఫోన్ దారి చూపించడం వరకేనా?
- వైఫై మౌంట్‌లోనే ఉందా, అడాప్టర్ విడిగా కొనాలా?
- కరెంటు ఎలా? చాలా మౌంట్లకు 12 వోల్టులు కావాలి. ఫోన్ చార్జ్ చేసే మామూలు 5 వోల్టుల పవర్ బ్యాంక్ వాటికి సరిపోదు. బ్యాటరీ నీరసపడితే మౌంట్ మధ్యలో రీస్టార్ట్ అయి, చేసిన అలైన్‌మెంట్ అంతా పోతుంది.
- యాప్ ఉచితమా? కంపెనీలు ఇచ్చే స్కైపోర్టల్, సిన్‌స్కాన్ లాంటివి ఉచితం. స్కైసఫారి, స్టెల్లేరియం లాంటి వాటిలో టెలిస్కోప్‌ను నడపాలంటే డబ్బు కట్టే వెర్షన్ కావాలి.
- మీ ఫోన్ ఆ యాప్‌కు సరిపోతుందా? ముందే ఇన్‌స్టాల్ చేసి చూసుకోండి. టెలిస్కోప్ లేకపోయినా ఇన్‌స్టాల్ అవుతుంది.
- లెన్స్ లేదా అద్దం వెడల్పు ఎంత? ‘500 రెట్లు పెద్దది చేస్తుంది’ అన్న అట్టపెట్టె మాటలు నమ్మొద్దు. ఎంత వెలుగు పోగేస్తుందన్నది వెడల్పును బట్టే ఉంటుంది.

బడ్జెట్ తక్కువగా ఉంటే మోటార్లు, వైఫై లేని సాదా టెలిస్కోప్ తీసుకుని, ఆ డబ్బును పెద్ద అద్దం మీద పెట్టడం కూడా మంచి నిర్ణయమే. ఫోన్ దారి వెతికిపెడుతుంది, చుక్కను పెద్దగా చూపించదు.

తొలి రాత్రి ఇలా చేయండి

1. పగలే స్టాండు బిగించి, ఫైండర్‌ను, టెలిస్కోప్‌ను దూరంగా ఉన్న సెల్ టవర్ మీద సరిచూసుకోండి. సూర్యుడు వేరే వైపు ఉండాలి.
2. యాప్ అప్‌డేట్లు ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నప్పుడే పూర్తి చేయండి. టెలిస్కోప్ వైఫైలో అవి జరగవు.
3. చీకటి పడ్డాక స్టాండు చదునుగా ఉందో చూసి, మౌంట్ ఆన్ చేసి, ఫోన్‌ను దాని వైఫైకి కలపండి. మొబైల్ డేటా ఆపండి.
4. యాప్‌లో ఊరు, టైం సరిచూడండి.
5. దూరదూరంగా ఉన్న రెండు నక్షత్రాలతో అలైన్‌మెంట్ చేయండి.
6. మొదట చంద్రుడిని ఎంచుకోండి. గురి కుదిరిందో లేదో వెంటనే తెలిసిపోతుంది. తర్వాతే గ్రహాలు.
7. యాప్‌లో ఎర్ర స్క్రీన్ మోడ్ పెట్టండి. తెల్లటి వెలుగు చూస్తే చీకటికి అలవాటు పడిన కన్ను మళ్లీ మొదటికొస్తుంది.
8. పని మధ్యలో స్టాండును ఎవరూ తన్నకుండా చూసుకోండి. జరిగితే అలైన్‌మెంట్ మళ్లీ చేయాల్సిందే.

ఆ రోజు డాబా మీద..

లొకేషన్ సరిచేశాక యాప్ ఆల్డెబరాన్ అడిగింది. మ్యాప్‌లో తూర్పు వైపు చూపిస్తోంది కానీ అక్కడున్న చుక్కల్లో ఏది అదో నాకు అర్థం కాలేదు. కుర్చీలోంచి తాతగారు, “కృత్తికల పక్కన ఎర్రగా ఉందే, అదేనా నువ్వు వెతికేది? అది రోహిణి కదమ్మా” అన్నారు. వెతికి చూస్తే అదే! రెండో చుక్కగా నైరుతిలో ఫోమల్‌హాట్ పెట్టా. ఈసారి శని పేరు నొక్కితే మోటార్లు గుర్రుమంటూ కదిలాయి. ఐపీస్ మధ్యలో చిన్న పసుపు బంతి, దానికి అడ్డంగా సన్నటి గీతలా వలయం. ముందు తాతగారే చూశారు. చాలాసేపు కన్ను తీయలేదు.

వాచ్‌మన్ కూతురు అప్పటికే వెళ్లి పడుకుంది. మర్నాడు సాయంత్రం తనే పైకి వచ్చి, “అక్కా, ఇవాళ ఫోన్‌కి మన ఊరు చెప్పావా?” అని అడిగింది. చెప్పానన్నా. ఆ రోజు మొదటి నంబర్ తనదే.